1924 మార్చి: ఖలీఫా వెళ్లిపోయిన నెల

ఈ దేశంలో ముస్లింల చరిత్ర మాట్లాడాల్సి వచ్చినప్పుడల్లా ఖిలాఫత్ పేరు రెండు వైపుల నుంచి వినిపిస్తుంది. ‘మీ మనసెప్పుడూ సముద్రం అవతలే’ అని దెప్పడానికి కొందరు వాడుకుంటారు. పోయిన వైభవాన్ని తలుచుకుని నిట్టూర్చడానికి మనవాళ్లలోనే మరికొందరు వాడుకుంటారు. 1924 మార్చి నెలలో ఎక్కడెక్కడ ఏం జరిగిందో ఒకచోట పెట్టి చూస్తే ఈ రెండు మాటలూ నిలబడవు.

మార్చి 3న అంకారాలో టర్కీ జాతీయ సభ ఖలీఫా పదవిని రద్దు చేసింది. సుల్తాను పదవి అంతకు ముందే, 1922 నవంబరులో పోయింది. ఆ తర్వాత అబ్దుల్ మజీద్‌ను అదే సభ ఖలీఫాగా ఎన్నుకుంది. ఆయనకు సైన్యం లేదు, ఖజానా లేదు. బొమ్మలు వేయడంలో మాత్రం మంచి చెయ్యి. ఇప్పుడు ఆ పేరు కూడా తీసేశారు. ఇది మతం తెలియని వాళ్లు చేసిన పని అనుకుంటే పొరపాటు. తీర్మానం పెట్టిన ఉర్ఫా సభ్యుడు సఫ్వెత్ ఒక షేక్. ఖలీఫా పదవి మతంలో తప్పనిసరి భాగం కాదని సుదీర్ఘంగా వాదించిన న్యాయమంత్రి సయ్యద్ బే ఇస్లామిక్ న్యాయశాస్త్రం చదివి, బోధించిన పండితుడు. అంటే ముస్లింలే, ముస్లింల సభలో, మతశాస్త్రం ముందు పెట్టుకుని వాదించి ఈ నిర్ణయానికి వచ్చారు. ‘ముస్లింలంతా ఒకే మూస’ అనేవాళ్లు ఆ రోజు చర్చ చదవాలి.

మర్నాడు తెల్లవారక ముందే ఖలీఫాను ఇస్తాంబుల్ రాజభవనం నుంచి కారులో తీసుకుపోయి, ఊరికి దూరంగా చతల్జా స్టేషనులో రైలెక్కించారు. నగరంలోని పెద్ద స్టేషనులో ఎక్కిస్తే జనం గుమిగూడతారని భయం. వెంట పదేళ్ల కూతురు దుర్రు షెహవార్ ఉంది. ఆ చిన్న స్టేషనులో మాస్టరు యూదుడని, ఒకప్పుడు స్పెయిన్ తరిమేసిన తమ పూర్వీకులకు ఈ వంశమే నీడనిచ్చిందన్న కృతజ్ఞతతో వాళ్లకు టీ ఇచ్చి ఆదరించాడని చెబుతారు.

ఈ వార్త మన దేశానికి ఎలా తగిలి ఉంటుందో ఊహించుకోవాలంటే అంతకు ముందు నాలుగేళ్లు గుర్తు చేసుకోవాలి. 1919 నవంబరులో ఢిల్లీలో జరిగిన ఖిలాఫత్ సభకు గాంధీ అధ్యక్షత వహించాడు. బిరుదులు వదిలేశారు, కోర్టులు మానేశారు, సర్కారు బడుల నుంచి పిల్లలు బయటికొచ్చారు. అలీ సోదరుల తల్లి, జనం ‘బీ అమ్మా’ అని పిలుచుకున్న అబాదీ బానో బేగం ఊరూరా తిరిగింది. ఆడవాళ్లు ఒంటి మీది నగలు తీసి నిధికిచ్చారు. 1920 వేసవిలో సింధ్ నుంచి, వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి వేలాదిమంది రైతులు ఉన్న భూమి అయినకాడికి అమ్ముకుని అఫ్ఘనిస్తాన్‌కు హిజ్రత్ బయలుదేరారు. ఆగస్టులో అఫ్ఘన్ ప్రభుత్వం దారి మూసేసింది. వెళ్లిన దారిలో కొందరు, తిరిగొచ్చే దారిలో కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1921లో బ్రిటిష్ సైన్యంలో కొలువు చేయడం హరామని తీర్మానించినందుకు కరాచీలో కేసు పెట్టినప్పుడు, బోనులో అలీ సోదరుల పక్కన శారదా పీఠం శంకరాచార్యులు కూడా నిలబడ్డాడు.

ఇది పరాయి దేశం మీద మోజా? పేరు టర్కీది, పోరు ఇక్కడి తెల్లదొరల మీద. మొదటి ప్రపంచ యుద్ధంలో మన సిపాయిల చేత టర్కీ మీద తుపాకులు పేల్పించి, ఆ తర్వాత ఆ దేశాన్ని ముక్కలు చేయబోయిన సామ్రాజ్యాన్ని ఎదిరించడానికి జనానికి దొరికిన పేరు ఖిలాఫత్. ఆ పేరు కిందే హిందువులు, ముస్లింలు కలిసి జైళ్లు నింపారు. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగితే అధ్యక్ష పీఠం మీద కూర్చున్నది మౌలానా మహమ్మదలీ. తెలుగు గడ్డ మీద ఆయనకు పట్టిన ఆ గౌరవానికీ అంకారా తీర్మానానికీ మధ్య గట్టిగా రెండు నెలలే.

కానీ మన నాయకత్వం లోపం కూడా చెప్పుకోవాలి. సామాన్యుడు జైలుకు పోతుంటే, లండన్‌లో ఉన్న ఇద్దరు పెద్దమనుషులు, ఆగాఖాన్, అమీర్ అలీ, ఖలీఫా గౌరవం కాపాడమని 1923 నవంబరులో టర్కీ ప్రధానికి ఉత్తరం రాశారు. అది ప్రధానికి చేరకముందే ఇస్తాంబుల్ పత్రికల్లో అచ్చయింది. సున్నీ ఖలీఫా కోసం రాసిన ఆ ఇద్దరూ షియాలు. బ్రిటిష్ దర్బారుకు దగ్గరివాళ్లు. ఇదంతా బయటివాళ్ల కుట్ర అనడానికి ముస్తఫా కెమాల్‌కు అంతకన్నా సాక్ష్యం అక్కరలేకపోయింది. కాపాడదామని రాసిన ఉత్తరమే పదవిని త్వరగా కూల్చింది. ఇక్కడి నుంచి పోయిన చందాల్లో మిగిలిన సొమ్ము 1924 ఆగస్టులో అంకారాలో పెట్టిన ఇష్ బ్యాంకుకు మూలధనమైంది. గాజులు తీసిచ్చిన ఆడవాళ్లను ఆ మాట ఎవరూ అడగలేదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఆ నెలలో టర్కీ, గ్రీసుల మధ్య మరో పని సాగుతూ ఉంది. 1923 ఒప్పందం ప్రకారం దాదాపు 12 లక్షలమంది క్రైస్తవులు గ్రీసుకు, నాలుగు లక్షలకు దగ్గరగా ముస్లింలు టర్కీకి మారాలి. ఎవరు ఎటు పోవాలో మతమే తేల్చింది. గ్రీకు తప్ప మరో భాష రాని క్రీటు ముస్లింలు టర్కీలో దిగారు. ఇంట్లో టర్కీ భాషే మాట్లాడే కరమన్ క్రైస్తవులు గ్రీసులో దిగారు. ఇద్దరూ దిగినచోట పరాయివాళ్లే అయ్యారు. ‘మీ దేశానికి పొండి’ అన్న మాటను ప్రభుత్వాలు కాగితం మీద పెట్టి అమలు చేస్తే ఏమవుతుందో ఓడల్లో, రేవుల్లో కనపడింది. మనకు ఆ పాఠం 1947లో నెత్తురుతో వచ్చింది.

మార్చి 30న తిరువాన్కూరులోని వైకోంలో ముగ్గురు మనుషులు చేయీ చేయీ పట్టుకుని శివాలయం చుట్టూ ఉన్న వీధి వైపు నడిచారు. ఒకరు పులయ, ఒకరు ఈళవ, ఒకరు నాయర్. గుడిలోకి కాదు, వీధిలోకే. ఆ వీధిలో ముస్లిములు, క్రైస్తవులు నడవొచ్చు. హిందువులమని చెప్పుకునే పులయలు, ఈళవలు నడవకూడదు. పోలీసులు ముగ్గురినీ పట్టుకుపోయారు. మర్నాడు ఇంకో ముగ్గురు వచ్చారు. క్రైస్తవుడైన జార్జ్ జోసెఫ్ ముందుండి నడిపిస్తుంటే, ఇది హిందువుల పని, వాళ్లకే వదిలెయ్యమని గాంధీ ఏప్రిల్ మొదట్లో రాశాడు. ఖిలాఫత్ ముస్లింలదే అయినా హిందువులు కలిసి రావాలన్న గాంధీయే అంటరానితనం దగ్గర మతానికో గీత గీశాడు. ఆ గీత వల్ల నష్టపోయింది దళితులూ ముస్లింలూ కలిసి నడవగలిగిన దారి.

అంకారాలో సింహాసనం పోయింది, వైకోంలో వీధి కోసం పోరు మొదలైంది. మన అస్తిత్వాన్ని ఈ రెండింట్లో దేనికి ముడివేసుకుంటామన్నదే అప్పటి నుంచీ ప్రశ్న. మక్కా పాలకుడు హుసేన్ ఆ వారంలోనే తానే ఖలీఫానని ప్రకటించుకుంటే ఒప్పుకున్నవాళ్లు తక్కువ. అక్టోబరు నాటికి ఆయన గద్దె కూడా పోయింది. 1926లో కైరోలో సభ పెట్టినా కొత్త ఖలీఫా తేలలేదు. ఖలీఫా అధికారం ఎన్నికైన సభ చేతిలో ఉండొచ్చన్న టర్కీ ఆలోచనను ఇక్బాల్ సమర్థించాడు. ఇక్కడ మాత్రం ఖిలాఫత్ తెచ్చిన సఖ్యం ఎండిపోయింది. సెప్టెంబరులో కోహాట్ అల్లర్లు. గాంధీ ఢిల్లీలో మహమ్మదలీ ఇంట్లోనే 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టాడు.

ఖలీఫాకు హైదరాబాదు నిజాం నెలకు 300 పౌండ్లు పంపాడు. 1931 నవంబరులో ఫ్రాన్సులోని నీస్‌లో దుర్రు షెహవార్‌ను పెద్దకొడుకు ఆజంజాకూ, ఉస్మానియా వంశానికే చెందిన నీలోఫర్‌ను రెండో కొడుకు మొజంజాకూ చేసుకున్నాడు. ఖిలాఫత్‌ను దక్కనుకు తేవాలన్న ఆశ ఆ పెళ్లిళ్ల వెనుక ఉందని అనుకున్నవాళ్లున్నారు. ఖలీఫా 1944లో పారిస్‌లో పోయాడు. టర్కీ మట్టి ఇవ్వలేదు. పదేళ్ల తర్వాత గానీ మదీనాలో ఖననం కాలేదు.

ఆ కుటుంబం నుంచి హైదరాబాదుకు మిగిలింది రెండు ఆస్పత్రులు. నీలోఫర్ దగ్గర పనిచేసిన మనిషి కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి నీలోఫర్ ఆస్పత్రి పుట్టింది. పాతబస్తీలో దుర్రు షెహవార్ పేరున ఇంకొకటి ఉంది. జిల్లాల నుంచి బిడ్డనెత్తుకుని రెడ్‌హిల్స్‌లో దిగే తల్లికి నీలోఫర్ ఎవరో తెలియదు, ఖలీఫా ఎవరో తెలియదు. అక్కడ వరుసలో బురఖాలున్నాయి, బొట్లున్నాయి, సిలువలున్నాయి. రాజ్యాలు పోయినా మనకు కావలసింది ఆ వరుసలో సమానమైన చోటు, ఆ వైకోం వీధిలో సమానమైన నడక. ఎవరు ఎటు చూస్తున్నామని మనల్ని అడిగేవాళ్లకు జవాబు అదే.