మెత్తబడిన బ్రేకు పెడల్ (పాత కార్లు)

హైడ్రాలిక్ బ్రేకులున్న కారులో పెడల్ తొక్కినప్పుడు స్పాంజిలా అణగడం, మామూలు కంటే లోతుకు వెళ్ళడం, తొక్కి పట్టినకొద్దీ కిందికి దిగిపోవడం అనే మూడింటినీ వాడుకలో ‘బ్రేకు మెత్తబడింది’ అనే అంటారు. లక్షణాలు మూడు, కారణాలూ వేర్వేరు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మారుతి 800 వంటి పాత కార్లలో ఏబీఎస్ ఉండదు కాబట్టి తేడాను చాలావరకు కాలితోనే పట్టుకోవచ్చు.

1921లో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. అప్పటికీ ఇప్పటికీ సూత్రం ఒక్కటే. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్‌లో పుట్టిన ఒత్తిడి బ్రేక్ ఆయిల్ ద్వారా చక్రాల దగ్గరి సిలిండర్లకు చేరి, షూలను డ్రమ్ము మీదికో, ప్యాడ్లను డిస్క్ మీదికో నెడుతుంది. నొక్కినా ఆయిల్ దాదాపు కుదించుకోదు. గాలి కుదించుకుంటుంది. గొట్టంలో బుడగ చేరితే పెడల్ ప్రయాణంలో కొంత ఆ బుడగను నొక్కడానికే సరిపోతుంది.

అందుకే గ్యారేజీలో మొదట వినబడే మాట ‘ఎయిర్ పట్టింది, బ్లీడింగ్ చేస్తే సరి’. చాలాసార్లు అది నిజమే కానీ సగం నిజం. మూసి ఉన్న వ్యవస్థలోకి గాలి ఊరికే రాదు. ఈమధ్య ఎవరో గొట్టం విప్పి ఉండాలి, డబ్బాలో ఆయిల్ అడుగంటి ఉండాలి, లేదా ఎక్కడో సీలు పోయి ఉండాలి. దారి తెలుసుకోకుండా గాలి తీస్తే నెల తిరక్కుండా మళ్ళీ చేరుతుంది.

కాలితో పరీక్ష

ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, కాలి బలానికి తోడుపడే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్‌ను ఖాళీ చేశాక అసలు పరీక్ష మొదలవుతుంది. బూస్టర్ లేని బండికి ఈ పని అక్కర్లేదు. మొదటి తొక్కుకు లోతుకు వెళ్ళి, వెంటవెంటనే పంపు కొడితే పైకొచ్చి గట్టిగా నిలబడితే అనుమానించాల్సింది డ్రమ్ములను. లైనర్లు అరిగి, షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉంటుంది. అడ్జస్టర్ తిప్పి, చక్రం పట్టేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేంత వదులు చేస్తే పెడల్ పైకొస్తుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములున్న పాత అంబాసిడర్‌లో ముందుగా చూడాల్సింది ఇదే. దీనికి ఆయిల్ మార్చడం, గాలి తీయడం వృథా ఖర్చు.

పంపు కొట్టినా స్పాంజితనం పోకపోతే గాలి, లేదా ఉబ్బుతున్న రబ్బరు గొట్టం. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు ముందు చక్రాల దగ్గరి గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే ఉబ్బు తెలుస్తుంది. పైన పగుళ్ళు కనబడితే ఆ పరీక్ష కూడా అనవసరం, మార్చేయాలి.

తేలికపాటి ఒత్తిడితో అర నిమిషం పట్టి ఉంచినప్పుడు పెడల్ మెల్లగా నేలకు దిగుతుంటే ఆయిల్ బయటికి పోతోందన్నమాట, లేదా మాస్టర్ సిలిండర్ లోపలే సీలు దాటి వెనక్కి వస్తోందన్నమాట. బలంగా తొక్కితే అరిగిన సీలు కూడా ఒక్కోసారి బిగుసుకుని మోసం చేస్తుంది, అందుకే కాలు తేలిగ్గా ఉండాలి. టైరు లోపలి వైపు తడి, డ్రమ్ము వెనక ప్లేటు అంచున ఆయిల్ జిడ్డు కనిపిస్తే వీల్ సిలిండర్ కారుతున్నట్టు. డ్రైవర్ కాళ్ళ దగ్గర కార్పెట్ తడిసినా, మాస్టర్ సిలిండర్ బూస్టర్‌కు ఆనేచోట పెయింటు పొక్కులెత్తినా మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయింది. బయట ఎక్కడా తడి లేకుండా, డబ్బాలో మట్టం తగ్గకుండా పెడల్ దిగితే లోపం లోపలి సీలుదే. కిట్టు వేయడమో, సిలిండర్ గోడ గీతలు పడి ఉంటే మొత్తం మార్చడమో చేయాలి. పెడల్ తొక్కి పట్టి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు కొద్దిగా కిందికి జారడం మాత్రం లోపం కాదు, బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు.

తప్పుదోవ పట్టించేవి

బ్లీడింగ్ ఎన్నిసార్లు చేసినా తీరని మెత్తదనానికి కొన్ని కారణాలు వ్యవస్థ బయట ఉంటాయి. లేతు పట్టించి వ్యాసం పెంచిన డ్రమ్ములో కొత్త షూలు వేస్తే రెండింటి వంపూ కలవదు. షూ మధ్యభాగమే ఆనుతుంది, మిగతాది వంగుతుంది, గాలి ఉన్నట్టే అనిపిస్తుంది. చక్రం బేరింగు వదులైతే డిస్క్ ఊగి ప్యాడ్లను వెనక్కి నెడుతుంది. మలుపు తిరిగాక మొదటి తొక్కు లోతుకు వెళ్ళి రెండోది సరిగా పడడం దీని ఆనవాలు. కాలిపర్లను కుడి ఎడమలు మార్చి బిగిస్తే గాలి తీసే నిపిల్ అడుగుకు వచ్చి, గాలి పైనే చిక్కుకుపోతుంది.

వేడి సంగతి వేరు. మామూలు బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు మరిగే స్థాయి కనీసం 205 డిగ్రీల సెల్సియస్ ఉండాలి, 3.7 శాతం నీరు చేరాక 140 ఉంటే చాలని ప్రమాణం ఒప్పుకుంటుంది. తిరుమల నుంచో, అరకు నుంచి అనంతగిరి మీదుగానో బ్రేకు మీద కాలు ఆన్చి దిగే పాత కారులో ఆ నీరు ఆవిరై పెడల్ ఒక్కసారిగా నేలకు తగులుతుంది. కింద ఆగి చల్లారాక బ్రేకు బాగానే ఉంటుంది, మెకానిక్కుకు ఏమీ దొరకదు. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే వేడెక్కింది లైనర్లు, పెడల్ మెత్తబడితే మరిగింది ఆయిల్. రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చడం, దిగేటప్పుడు రెండో గేరు వేయడం దీనికి మందు.

సరిచేసేటప్పుడు

గాలి తీయడం సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో, అంటే మన కుడి స్టీరింగ్ కార్లలో వెనక ఎడమ చక్రంతో, మొదలుపెడతారు. కంపెనీ మాన్యువల్ వేరే వరస చెబితే అదే పాటించాలి. పాత కారులో పెడల్‌ను నేలదాకా తొక్కకూడదు. సీళ్ళు ఏళ్ళుగా చేరని చోట సిలిండర్ గోడ తుప్పు పట్టి ఉంటుంది, అక్కడికి వెళితే చిరుగుతాయి. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే ఈ ప్రమాదం ఉండదు. ఇంజన్ ఆయిల్ చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బిపోతాయి, అప్పుడు మార్చాల్సింది సీళ్ళన్నీ.

ఒకే సర్క్యూట్ ఉన్న పాత బండిలో ఒక్కచోట కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. అలాంటి కారులో పెడల్ దిగిపోతుంటే గ్యారేజీ దాకా మెల్లగా నడుపుకెళ్దామనుకోకండి, మెకానిక్కునే ఇంటికి పిలిపించండి.