బొగ్గుగనుల సీమలో కూరతోటలు

పెద్దపల్లి జిల్లా పేరు చెప్పగానే నేడు జనులకు స్ఫురించునవి రామగుండము పొగగొట్టములును, గోదావరిఖని బొగ్గుగనులును. 2016 అక్టోబరు 11వ తేదీన కరీంనగరు జిల్లానుండి వేరై యేర్పడిన యీ జిల్లా బొగ్గు వెలికిరాక పూర్వము అనేక శతాబ్దములు చెరువుల సీమగా, బావుల సీమగా ఉండెను. చెరువు క్రింద వరి, బావి క్రింద కూరగాయలు, ఇంటి వెనుక పెరటిలో ఒక పందిరి. ఇదియే పల్లెల పద్ధతి. రాజుల యుద్ధములను వ్రాసినవారు పెరటిలోని బీరపాదును పట్టించుకొనలేదు. అయినను ప్రతి యింటి అన్నమునకు ప్రతి దినము తోడుపడినది ఆ పాదే.

కూరతోట చరిత్రను విచారించినచో అది నీరు, విత్తనము, నీడ అను మూడింటి చరిత్రయే యగుచున్నది. ఈ మూడింటిలో నీటిని పెద్ద ప్రాజెక్టులు తెచ్చినవి. నీడను శాస్త్రము తెచ్చుచున్నది. విత్తనము మాత్రము ఇంటి చూరు విడిచి పోవుచున్నది. ఈ భేదమును గ్రహించుట నేటి గ్రామస్థులకు అవసరము.

నీటి విషయమున కాకతీయుల కాలము ముఖ్యమైనది. రామప్ప, పాకాల, లక్నవరము వంటి గొప్ప చెరువులతోబాటు ఊరూర చిన్న చెరువులు, కుంటలు తెలంగాణమున విస్తరించెను. పూర్వులు చెప్పిన సప్తసంతానములలో కుమారునితో సమానముగా చెరువును, వనమును, కావ్యమును లెక్కించిరి. చెరువు నిండినయెడల చుట్టుపట్ల బావులలో ఊట పెరుగును. ఆ నీటిని పైకి తెచ్చుటకు ఎద్దులు లాగు మోటయు, మనుష్యులు నడపు ఏతమును సాధనములుగా నుండెను. ఒకరు మోట తోలుచుండగా మరియొకరు పారతో కాలువ గట్టు తెంపి, ఒక మడి తడిసిన పిదప మరియొక మడికి నీరు మరలించెడివారు. ఎండ పొద్దంతయు తోలినను తడియు నేల కొద్దియే. కనుక నాటి కూరతోటలను గుంటలలో కొలిచెడివారేగాని యెకరములలో కాదు. బావిలేని యింటివారు స్నానపు నీరు పారుచోట చేమగడ్డను, బచ్చలితీగను, ఒక అరటిచెట్టును పెంచుకొనిరి.

విత్తనముల కథ మరింత విచిత్రమైనది. వంకాయ, దోస, బీర, కాకర మన దేశపు పాత పంటలు. మిరప, టమాట, ఆలుగడ్డ, గుమ్మడి అమెరికా ఖండములనుండి వచ్చినవి. 1492లో కొలంబసు అచటి దీవులను చేరిన పిమ్మట, 16వ శతాబ్దమున పోర్చుగీసువారి ఓడలలో మిరప మన పశ్చిమ తీరమున దిగెను. అంతకు పూర్వము తెలుగువారి వంటలకు కారమునిచ్చినది మిరియము. కొత్త కాయకు ఆ పాత పేరే కొంచెము మారి అంటుకొని మిరపకాయ యయ్యెను. బతుకమ్మ నలంకరించు గుమ్మడిపూవునకు గూడ పుట్టినిల్లు అమెరికాయే. దూరదేశపు విత్తనమైనను నాలుగు తరములు మన చూరున వ్రేలాడినచో మన యింటిదే యగునని దీనివలన తెలియుచున్నది.

ఆ చూరే పల్లెకు విత్తనాగారము. బాగుగా కాచిన తీగను గుర్తించి, దానిమీది మంచి కాయ నొకదానిని కోయక ముదురనిచ్చి విత్తనమునకు విడుచుట ఆచారము. బీరకాయను ఎండిన పీచుతోనే చూరుకు కట్టెడివారు. ఆనిగెపుకాయ విత్తులను ఆ కాయ బుర్రలోనే దాచెడివారు. వంటింటి పొగ తగులుటచే వానికి పురుగు పట్టెడిది కాదు. వంగవిత్తులను కడిగి, బూడిదలో కలిపి, నీడన ఆరబెట్టెడివారు. ఈ పనులన్నియు చాలవరకు స్త్రీల చేతులలో నుండెను. మృగశిర కార్తెలో తొలకరి పడగనే విత్తులు చూరు దిగి, ఇల్లిల్లు తిరిగెడివి. పుంటికూర, గంగవాయిలి, తోటకూర, చుక్కకూర చిన్న మడులలోను, చిక్కుడు, పొట్ల, ఆనిగెము పందిళ్లమీదను పెరిగెడివి. ఒక యింట విత్తు చెడిపోయినను పొరుగింట దొరకెడిది. ఈ ఇచ్చిపుచ్చుకొనుటలో లెక్కలు లేవు. ఏ పాదునకు ఏ నేల తగును, ఏ కాయను విత్తుకు విడువవలెను అను జ్ఞానము మాత్రము తల్లినుండి కూతునకు, అత్తనుండి కోడలికి అందుచుండెను.

ఈ జీవనములోనికి మొదట రైలును, తరువాత బొగ్గును ప్రవేశించెను. 1871లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. 1886లో ఏర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ 1889లో త్రవ్వకము ప్రారంభించెను. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ రిజిస్టరయ్యెను. 1945లో హైదరాబాదు ప్రభుత్వము దాని వాటాలలో అధికభాగమును కొనెను. ఈ నడుమ 1929లో కాజీపేట, బల్లార్షాల నడుమ రైలుమార్గము పూర్తియై, పెద్దపల్లి, రామగుండము స్టేషనులు మద్రాసు ఢిల్లీల దారిమీదికి వచ్చినవి. 1960 దశకమున గోదావరిఖనిలో గనులు విస్తరించెను. రామగుండమున 1971లో 62.5 మెగావాట్ల విద్యుత్కేంద్రమును, 1980లో బొగ్గునుండి యూరియా చేయు కర్మాగారమును, 1983లో జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ కేంద్రపు మొదటి యూనిటును పని ప్రారంభించినవి. ఆ యెరువుల కర్మాగారము 1999లో మూతపడి, 2021లో సహజవాయువుతో నడచు కొత్త కర్మాగారముగా మరల తెరువబడినది.

బొగ్గుగనిని ఇచటి జనులు ‘బాయి’ యందురు. నీళ్లబావికిని అదే మాట. నీళ్లబాయి మీద మోట తోలిన రైతుల కుమారులు అనేకులు బొగ్గుబాయిలోనికి దిగిరి. పని మారినను పెరటి అలవాటు వారిని విడువలేదు. ఎనిమిదేసి గంటల మూడు షిఫ్టులలో సాగు గని పనివలన, రాత్రి షిఫ్టు చేసినవానికి పగటివెలుతురున కొంత తీరిక దొరకును. క్వార్టర్ల చుట్టునున్న జానెడు నేలలో మిరపమొక్కలు, గోడవెంబడి చిక్కుడుతీగ, కొళాయి నీరు పారుచోట కరివేపచెట్టు ఆ తీరికలోనే మొలచినవి. భూమి లోపల చీకటిలో పనిచేయువానికి ఆకుపచ్చని రంగు చూచుటయే ఒక విశ్రాంతి.

బొగ్గు త్రవ్వు దేశములన్నిటను ఇట్టి అలవాటే కనబడుచున్నది. ఇంగ్లండులో 1908 నాటి చట్టము, కోరిన శ్రామికులకు కూరగాయలు పెంచుకొను తోటచెక్కలను కౌలుకిచ్చు బాధ్యతను స్థానిక సంస్థలపై నుంచెను. ‘అలాట్‌మెంటు’ అని పిలువబడు ఆ చెక్క వాడుక కొలత ఇంచుమించు 300 చదరపు గజములు. మన లెక్కలో రెండున్నర గుంటలు. డర్హాం, నార్తంబర్లాండు సీమల గనిపనివారు ఉల్లిజాతికి చెందిన లీకు మొక్కలను పెంచి ఏటేట పోటీలు జరుపుట ప్రసిద్ధము. జర్మనీలోని రూరు బొగ్గుసీమలో కార్మికులు ఇంటి తోటతోబాటు మేకను పెంచుకొనిరి. ఆ మేకను ‘గనిపనివాని ఆవు’ అని ముద్దుగా పిలిచిరి. ఆ దేశములలో తోటనేలకు చట్టము కాపుదల కలిగెను. మన గనిసీమలో పెరడు వాడుకగా నిలిచినదేకాని హక్కుగా నిలువలేదు. అందుచేత క్వార్టరు ఖాళీ చేసిననాడు తోటయు ముగియును.

స్వదేశమున 1943లో ఆరంభమైన అధికాహారోత్పత్తి ఉద్యమము ప్రధానముగా ధాన్యమునకై సాగెను. 1952 అక్టోబరు 2న మొదలైన సమాజ వికాస పథకముతో గ్రామసేవకులు పల్లెలకు వచ్చిరి. 1960 దశకమున యూనిసెఫ్ సహాయముతో నడచిన పోషకాహార కార్యక్రమము బడులలోను ఇండ్లలోను కూరతోటలను ప్రోత్సహించెను. అదే కాలమున పరిశోధనాలయముల విత్తనములు రాజొచ్చినవి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ వెలువరించిన ‘పూసా సావని’ బెండ దేశమంతట వ్యాపించెను. ఆకు ఈనెలను పసుపుపచ్చగా మార్చు తెగులును అది తట్టుకొనుటయే అందుకు కారణము. తెల్లదోమ వ్యాపింపజేయు ఆ తెగులుకు కొంతకాలమునకు పూసా సావనియు లొంగిపోగా, బెంగుళూరి ఉద్యాన పరిశోధనా సంస్థవారు అడవిబెండతో సంకరము చేసి ‘అర్కా అనామిక’ను తెచ్చిరి. ఎవరును తినని అడవిమొక్కయే పంటను కాపాడెను. పాత జాతులను పారవేయరాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము అక్కరలేదు.

1963 జులై 26న నెహ్రూ పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసెను. దాని కాకతీయ కాలువవలన పూర్వపు కరీంనగరు జిల్లాలో మాగాణి పెరిగెను. తరువాత ఎల్లంపల్లివద్ద గోదావరిపై 20 టీయంసీల జలాశయము లేచెను. విద్యుత్తు మోటార్లు మోటను మూలకు చేర్చెను. కాని నీరు పెరిగినచోటనెల్ల కూరతోట పెరుగలేదు. కాలువ క్రింది రైతు వరివైపు మొగ్గెను. వరికి కొనువారు నిశ్చయముగా నుందురు. కూరగాయ కోసిన దినముననే అమ్ముడుపోవలెను. ఉపరితల గనులు లోతుగా త్రవ్విన తావులలో పొలములే పోయినవి. గనిలోని నీటిని తోడివేయుచుండుటచే దాపుననున్న బావులలో ఊట తగ్గుటయు కలదు. ఇప్పుడు గని పట్టణముల అంగడికి కూరగాయలు లారీలలో దూరమునుండి వచ్చుచున్నవి.

ఇక నీడ విషయము. చలిదేశములలో మొక్కకు వేడి నిచ్చుటకై గాజుటిండ్లు పుట్టినవి. రోము చక్రవర్తి టైబీరియసుకు ఏడాది పొడుగున దోసకాయలు అందించుటకై పారదర్శకమగు రాతిపలకలతో మడులను కప్పిరని ప్లినీ వ్రాసెను. ఇంగ్లండులో 1845లో గాజుపై పన్ను తీసివేసిన పిదప గాజుటిండ్లు సామాన్యులకు అందుబాటులోనికి వచ్చెను. 1948 ప్రాంతమున అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమున ఎమర్టు అను ఆచార్యుడు గాజునకు బదులు చవుకయగు ప్లాస్టిక్ పొరను వాడి చూపెను. నేటి పాలీహౌసులకు అదియే మూలము. తెలంగాణ ప్రభుత్వము 2014–15 నుండి పాలీహౌసులకు 75 శాతము రాయితీ నిచ్చు పథకమును చేపట్టెను.

రామగుండమున వేడి కొరత ఎన్నడును లేదు. రోహిణి కార్తెలో ఇచట 45 డిగ్రీలు దాటుట వింతకాదు. పగటివేడి 35 డిగ్రీలు మించినచో టమాట పూత రాలిపోవును. కావున ఇచటి రక్షితగృహము పని ఎండను ఆపుట. దానికి పాలీహౌసుకంటె చవుకగా సగము ఎండను వడగట్టు నీడవల చాలును. వల క్రింద వేసవిలో ఆకుకూరలు వాడక పెరుగును, నారుమడులు ఎండిపోవు. చుట్టును మూసివేసిన గృహములో మాత్రము తేనెటీగలు చొరవు. అందుచేత బీర, కాకర వంటి తీగలకు మగపూవు పుప్పొడిని ఆడపూవునకు చేతితో అద్దవలెను. టమాట, మిరప తమ పూవులో తామే ఫలదీకరణము పొందును గనుక వానికి అంత చిక్కులేదు. ఆలోచించి చూచినచో పెద్దల పందిరి చేసిన పనియు నిదియే. పైన చిక్కుడాకు ఎండను ఆపగా, క్రింద కొత్తిమీర, మెంతికూర చల్లగా బ్రతికెడివి.

పెద్దలు చీడలకు చల్లిన బూడిదనుగూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. అది కట్టెల బూడిద. మొక్కకు కావలసిన పొటాషు అందులో గలదు. విద్యుత్కేంద్రపు బొగ్గుబూడిద అట్టిది కాదు. అందు పొటాషు స్వల్పము; హానికరమగు లోహములు ఉండవచ్చును. పేరు ఒకటేయని దానిని కూరమడిలో చల్లరాదు.

నీడను వలగా కొనవచ్చును. నీటిని మోటారుతో తోడవచ్చును. విత్తనమునుగూడ పొట్లములో కొనవచ్చును. కాని సంకరవిత్తనపు కాయనుండి తీసిన విత్తు తల్లిని పోలక ఏటేట మరల కొనవలసియుండును. కొన్న విత్తు అధికముగా కాయుట నిజమే, దానిని నిందింపనక్కరలేదు. అయితే ఒక తరము పొట్లమునే నమ్ముకొన్నచో చూరున వ్రేలాడిన బీరయు, దానిని ఎన్నుకొను నేర్పును రెండును పోవును. ఆ నేర్పు ఏ పుస్తకమునను లేదు. ముదుసలి స్త్రీల జ్ఞాపకములో నున్నది. వారితోబాటు అదియు వెడలిపోవుచున్నది.

పల్లె గ్రంథాలయము ఈ పనికి తగిన చోటు. విత్తనపు పేరు, అది వచ్చిన యిల్లు, నాటిన కార్తె, కాచిన తీరు ఒక దఫ్తరములో వ్రాసి, ఆ విత్తులను సీసాలలో బూడిదతో నుంచి, చందాదారులకు పుస్తకము వలెనే యిచ్చి, పంట వచ్చిన పిదప పిడికెడు తిరిగి తీసికొనవచ్చును. దీనికి ఒక అలమార అరయు, ఒక దఫ్తరమును చాలును. చెరువును, వనమును, కావ్యమును ఒకే వరుసలో లెక్కించిన పూర్వుల గ్రామములకు ఇది పరాయి పని కాదు. రాబోవు మృగశిర కార్తెకు ముందుగానే మొదలిడినచో మొదటి యేటి విత్తనము వృథా కాకుండును.