కారు డ్యాష్‌బోర్డులో ఆ 18 సెంటీమీటర్లు ఎవరివి?

ఈరోజు ఎపిసోడ్ మొత్తం ఒక ఖాళీ గురించి. నవ్వకండి, సీరియస్‌గానే చెప్తున్నా. కారు డ్యాష్‌బోర్డు మధ్యలో స్టీరియో కూర్చునే గూడు ఉంటుంది కదా, పాత కార్లలో దాని వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. ఎత్తు రెట్టింపు అయితే డబుల్ డిన్ అంటాం. డిన్ అంటే జర్మనీ ప్రమాణాల సంస్థ పేరు. తర్వాత అదే కొలత ఐఎస్ఓ 7736 పేరుతో ప్రపంచమంతా వెళ్లింది.

ఈ కొలత ఎందుకు ముఖ్యం? గూడు సైజు అందరికీ ఒకటే అయితే కారు ఒక కంపెనీది, లోపలి డబ్బా ఇంకో కంపెనీది కావచ్చు. ఏది కొనాలో, ఏది తీసేయాలో మీరే డిసైడ్ చేస్తారు. నలభై ఏళ్లుగా ఆ గూట్లోకి కంప్యూటర్‌ని ఎలా ఎక్కించాలా అని జనం తిప్పలు పడ్డారు. ఆ కథే ఇది. చివర్లో మీ జేబుకి సంబంధించిన విషయం కూడా ఉంది, చివరిదాకా చూడండి.

మొదట జపాన్ వెళ్దాం. 1981లో హోండా ఎలక్ట్రో గైరోకేటర్ అనే పరికరం తెచ్చింది. అప్పటికి మామూలు జనం వాడుకునే జీపీఎస్ లేదు. మరి కారు ఎటు తిరిగిందో ఎలా తెలుస్తుంది? లోపల గ్యాస్‌తో పనిచేసే గైరోస్కోప్ ఉండేది. అది మలుపుల్ని కొలిచేది, చక్రాల తిరుగుడు దూరాన్ని చెప్పేది. మ్యాప్ మాత్రం పారదర్శకమైన షీటు. దాన్ని తెర ముందు పెడితే వెనక వెలుగు చుక్క కదిలేది. ఊరు దాటితే షీటు మీరే మార్చుకోవాలి. స్క్రోల్ చేయడం అంటే చేత్తో షీటు మార్చడమే అన్నమాట.

1985లో కాలిఫోర్నియాలో ఎటాక్ అనే కంపెనీ ఇంకో అడుగు వేసింది. దాన్ని పెట్టిన స్టాన్ హనీ పడవ పందాల నావిగేటర్. డబ్బు పెట్టింది అటారీ వీడియో గేమ్స్ వ్యవస్థాపకుడు నోలన్ బుష్నెల్. ఎటాక్‌లో మ్యాప్ ఎక్కడుండేదో తెలుసా? క్యాసెట్ టేపులో! మన ఇళ్లలో పాటలు విన్న క్యాసెట్ లాంటిదాన్లో. చక్రాల సెన్సార్లు, అయస్కాంత దిక్సూచి కలిపి కారు స్థానాన్ని అంచనా వేసేవి. మీరు మలుపు తిరగగానే, మ్యాప్‌లో అలాంటి మలుపు ఎక్కడుందో వెతికి, పేరుకుపోయిన తప్పును సరిచేసుకునేది. దీన్నే మ్యాప్ మ్యాచింగ్ అంటారు.

ఎటాక్ అనే మాట పాలినేషియా నావికుల పద్ధతి నుంచి వచ్చింది. వాళ్ల ఊహలో పడవ కదలదు, దీవులే పడవ వైపు కదిలి వస్తాయి. ఎటాక్ తెర మీద కూడా అంతే. కారు గుర్తు ఉన్నచోటే ఉంటుంది, దాని చుట్టూ మ్యాప్ తిరుగుతుంది. ఇప్పుడు మీ ఫోన్లో నావిగేషన్ ఆన్ చేయండి. బాణం నిలబడి ఉంటుంది, రోడ్డు తిరుగుతుంది. అదే ఐడియా!

ఆ మరుసటి ఏడు, 1986 మోడల్‌గా బ్యూక్ రివియేరా వచ్చింది. టీవీలో ఉండే పిక్చర్ ట్యూబ్‌నే డ్యాష్‌బోర్డులో పెట్టి, దాన్ని టచ్‌స్క్రీన్ చేశారు. రేడియో, ఏసీ అన్నీ అందులోంచే. చూడ్డానికి సూపర్. కానీ ఫ్యాన్ స్పీడు పెంచాలంటే రోడ్డు మీంచి చూపు తిప్పి తెర వైపు చూడాలి. బటన్ అయితే వేలికే తెలిసిపోతుంది కదా. 1990 మోడల్‌కి బ్యూక్ ఆ తెర తీసేసి మళ్లీ బటన్లు పెట్టింది. ఇదే గొడవ ఇప్పుడు కొత్త ఎలక్ట్రిక్ కార్ల మీద నడుస్తోంది, గమనించారా?

ఇక 1998. మైక్రోసాఫ్ట్, క్లారియన్ కలిసి ఆటోపీసీ తెచ్చాయి. విండోస్ సీఈతో నడిచే కంప్యూటర్, సరిగ్గా ఆ 50 మిల్లీమీటర్ల గూట్లో పట్టేది. మాటతో ఆర్డర్ ఇవ్వొచ్చు. ధర 1,299 డాలర్లు. అప్పట్లో ఆ డబ్బుకి ఇంట్లోకి మంచి కంప్యూటరే వచ్చేది. జనం పెద్దగా పట్టించుకోలేదు.

1999లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నుంచి ఎంపెగ్ కార్ వచ్చింది. హ్యూగో ఫియెన్స్ అనే ఇంజనీర్ మొదలుపెట్టిన చిన్న కంపెనీ అది. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కు, లోపల లైనక్స్, గూట్లోంచి మొత్తం బయటికి లాగి ఇంటికి పట్టుకెళ్లి పాటలు ఎక్కించుకునే డబ్బా. పిట్ట కొంచెం, కూత ఘనం. 2000లో దాన్ని సోనిక్‌బ్లూ కొనేసింది, 2001లో ఆపేసింది. ఫియెన్స్ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

సరే, కంపెనీలు ఇచ్చేది ఖరీదెక్కువ, ఆయుష్షు తక్కువ. అప్పుడు హాబీ ఉన్న కుర్రాళ్లు రంగంలోకి దిగారు. మూడు విషయాలు కలిసొచ్చాయి. ఒకటి, 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ ఓబీడీ 2 పోర్టు తప్పనిసరి అయింది. అంటే ఇంజిన్ లెక్కల్ని బయటి కంప్యూటర్ చదవొచ్చు. రెండు, 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని కలిపే తప్పును ఆపేసింది. అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా చూపించేది, ఆ తర్వాత అది ఇరవై లోపుకి దిగింది. మూడు, 2001లో తైవాన్ కంపెనీ వియా, మినీ ఐటీఎక్స్ అనే బోర్డు కొలత తెచ్చింది. 17 సెంటీమీటర్ల చదరం. గూడు వెడల్పు 18. చూశారా యోగం!

కానీ ఫ్రెండ్స్, బోర్డు కొన్నంత మాత్రాన పనైపోదు. నేను కంపెనీలో చేసిన సర్వర్లకి కరెంటు ఎప్పుడూ పోదు. యూపీఎస్ ఉంటుంది, జనరేటర్ ఉంటుంది. కార్లో అలా కాదు. బ్యాటరీ పేరుకే 12 వోల్టులు. ఇంజిన్ నడుస్తుంటే 14 దాకా వెళ్తుంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 9కో 8కో, ఒక్కోసారి ఇంకా కిందికో పడిపోతుంది. హెడ్‌లైట్ ఒక్క క్షణం డల్ అవుతుంది చూడండి, అదే. ఆ క్షణంలో మామూలు కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది. ఇంకో ప్రమాదం: ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ ఊడితే ఆల్టర్నేటర్ ఒక్కసారిగా పదుల వోల్టులు వదులుతుంది. బోర్డు కాలిపోవచ్చు.

మొదట్లో చాలామంది ఇన్వర్టర్ పెట్టేవాళ్లు. అంటే 12 వోల్టుల డీసీని ఇంటి కరెంటుగా మార్చి, కంప్యూటర్ సప్లై దాన్ని మళ్లీ 12, 5 వోల్టుల డీసీగా మార్చడం. ముక్కు ఎక్కడుందంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు. తర్వాత కార్ల కోసమే డీసీ నుంచి డీసీకి మార్చే సప్లైలు వచ్చాయి. వీటిలో చిన్న చిప్ ఒకటి తాళం తిరిగిందా లేదా అని కనిపెట్టుకుని ఉంటుంది. తాళం తీస్తే కొన్ని సెకన్లు ఆగి, కంప్యూటర్‌కి షట్‌డౌన్ సిగ్నల్ ఇచ్చి, అది పడుకున్నాక కరెంటు కట్ చేస్తుంది. బ్యాటరీ బాగా దిగిపోతే పూర్తిగా ఆపేస్తుంది.

అది లేకపోతే ఏమవుతుంది? చిన్న లెక్క వేద్దాం. కంప్యూటర్ 24 వాట్లు తింటోందనుకోండి. 12 వోల్టుల దగ్గర అది 2 ఆంపియర్లు. రాత్రి పది గంటలు ఆన్‌లో వదిలేస్తే 20 ఆంపియర్ అవర్స్ ఖాళీ. చిన్న కారు బ్యాటరీ 35 ఉంటుంది. అంటే సగం కన్నా ఎక్కువ పోయింది. పొద్దున ఆఫీసుకి బయల్దేరితే బండి తోయాల్సిందే.

తర్వాత వేడి, కుదుపు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు మామూలుగా 55, 60 డిగ్రీల దాకానే పనిచేస్తాయి. ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు దాన్ని సులువుగా దాటేస్తుంది. రామగుండం, విజయవాడ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అందుకే చాలామంది కంప్యూటర్‌ని డిక్కీలోనో సీటు కిందో పెట్టి, ఏడంగుళాల టచ్ తెర ఒక్కటే ముందుకి తెచ్చేవాళ్లు. బూట్ అయ్యేదాకా ఆగలేక హైబర్నేట్ వాడేవాళ్లు. విండోస్ మీద సెంట్రాఫ్యూజ్, రోడ్ రన్నర్ లాంటి పెద్ద బటన్ల సాఫ్ట్‌వేర్లు నడిచేవి. 2005లో మ్యాక్ మినీ వచ్చింది. దానిది పదహారున్నర సెంటీమీటర్ల చదరం. జనం దాన్నీ కార్లో పెట్టేశారు.

మరి ఇదంతా ఎలా ఆగిపోయింది? 2007. ఐఫోన్ వచ్చింది. అదే ఏడాది ఫోర్డ్, మైక్రోసాఫ్ట్ కలిసి సింక్ తెచ్చాయి. మ్యాపు, పాటలు, ఇంటర్నెట్, బ్యాటరీ అన్నీ ఉన్న కంప్యూటర్ జేబులోకి వచ్చేశాక, డిక్కీలో ఇంకోటి ఎందుకు? పైగా ఫోన్ మనతో పాటే కారు దిగిపోతుంది, ఎండలో ఉడకదు. 2014లో కార్‌ప్లే వచ్చింది, 2015లో ఆండ్రాయిడ్ ఆటో జనానికి అందింది. కారు తెర ఫోన్‌కి అద్దంలా మారింది.

ఇప్పుడు ఫియెన్స్ దగ్గరికి వద్దాం. ఎంపెగ్ మూతపడ్డాక ఆయన యాపిల్‌లో ఐఫోన్ హార్డ్‌వేర్ మేనేజర్‌గా పనిచేశాడు. కారు కోసం కంప్యూటర్ కట్టిన మనిషే, కారులో కంప్యూటర్ అవసరం లేకుండా చేసిన ఫోన్ దగ్గర చేరాడు. ఎటాక్ సంగతీ అంతే. ఆ కంపెనీ చేతులు మారుతూ 2000లో టెలీ అట్లాస్‌కి చేరింది. ఆ టెలీ అట్లాస్‌ని 2008లో టామ్‌టామ్ కొనేసింది. 2012లో యాపిల్ తన మ్యాప్స్ మొదలుపెట్టినప్పుడు టామ్‌టామ్ డేటా తీసుకుంది. క్యాసెట్ల మ్యాప్ వారసత్వం ఫోన్ దాకా వచ్చిందన్నమాట.

ఓకే, ఇక మీ జేబు విషయం. ఇప్పటి కొత్త కార్లలో ఆ 18 సెంటీమీటర్ల గూడు చాలావరకు మాయమైంది. తెర డ్యాష్‌బోర్డులో కలిసిపోయింది. ఏసీ, కెమెరా, సెట్టింగులు అన్నీ దాని మీదే. తీసి వేరేది పెట్టలేం. దాంతో ఏమైంది? 2022లో బీఎండబ్ల్యూ కొన్ని దేశాల్లో సీటు వేడి చేసే సౌకర్యానికి నెలవారీ చందా పెట్టింది. సీట్లో హీటర్ ఆల్రెడీ ఉంది, సాఫ్ట్‌వేర్ తాళం వేసిందంతే. జనం తిట్టారు, తర్వాతి ఏడాది వెనక్కి తగ్గింది. 2023లో జనరల్ మోటార్స్ తన రాబోయే ఎలక్ట్రిక్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉండవని చెప్పేసింది. కారు మనది, తెర వాళ్లది. సొంతింట్లో హాలుకి అద్దె కట్టినట్టు.

కంపెనీల వాదన ఉత్తదేం కాదు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు పరిశోధకులు నడుస్తున్న జీప్ చెరోకీని దాని స్టీరియో సిస్టమ్ ద్వారా దూరం నుంచే కంట్రోల్ చేసి చూపించారు. 14 లక్షల వాహనాలు రీకాల్ చేయాల్సొచ్చింది. స్టీరియోకి బ్రేకులతో కనెక్షన్ ఉన్నప్పుడు, దాన్లో ఎవరు పడితే వాళ్లు వేలు పెడితే ప్రాణాలకే ముప్పు. కానీ గమనించండి, ఆ హోల్ పెట్టింది బయటి కుర్రాళ్లు కాదు, కంపెనీ అమ్మిన సిస్టమ్‌లోనే ఉంది. తాళం వేసినంత మాత్రాన భద్రత రాదని నా అభిప్రాయం. బ్రేకుల వైరింగ్‌ని వినోదం వైరింగ్ నుంచి వేరుగా ఉంచాలి, తెరని మాత్రం మార్చుకోనివ్వాలి.

మీలో చాలామంది పాత కారుకి ఆండ్రాయిడ్ స్టీరియో వేయించాలనుకుంటున్నారు, మెసేజుల్లో అడుగుతున్నారు. ఆ హాబీ కుర్రాళ్లు కష్టపడి నేర్చుకున్న పాఠాలే మీకూ పనికొస్తాయి. పసుపు వైరు ఎప్పుడూ బ్యాటరీతో ఉంటుంది, ఎరుపు వైరు తాళం తిప్పితేనే వస్తుంది, నలుపు ఎర్త్. ఈ పసుపు, ఎరుపు రెండూ ఒకే చోట కలిపేస్తే స్టీరియో రాత్రంతా మేలుకునే ఉంటుంది, పొద్దున బ్యాటరీ డౌన్. కంపెనీ వైర్లు కత్తిరించనివ్వకండి, మీ మోడల్‌కి సరిపోయే కప్లర్ అడగండి. బ్యాటరీ నుంచి కొత్త వైరు లాగితే బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టించండి. మధ్యలో వైరు ఒరిగి షార్ట్ అయితే కాపాడేది ఆ ఫ్యూజే. కొత్త కారు కొనేవాళ్లు షోరూమ్‌లో మైలేజీతో పాటు ఇంకో రెండు ప్రశ్నలు అడగండి: ఈ తెర పాడైతే మార్చడానికి ఎంతవుతుంది? చందా కట్టకపోతే ఇందులో ఏవేవి ఆగిపోతాయి? జవాబు కాగితం మీద రాయించుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఓబీడీ పోర్టులోకి చిన్న బ్లూటూత్ అడాప్టర్ గుచ్చి, చెక్ ఇంజిన్ లైటు ఎందుకు వెలిగిందో ఫోన్లోనే చదవడం చూపిస్తా. ఉంటా మరి, బండి జాగ్రత్తగా నడపండి.