థైమస్ గ్రంథి: బయటినుండి వచ్చు విత్తనము

మానవుని రొమ్మెముకకు వెనుక, గుండెకు కొంచెము పైగా రెండు తమ్మెలు గల మెత్తని అవయవ మొకటి కలదు. దానిపేరు థైమస్ గ్రంథి. పసితనమున పెద్దదిగా నుండి, యౌవనము వచ్చిన పిమ్మట క్రమముగా కుంచించుకొనిపోవుటచే దీనిని బాల్యగ్రంథి అనియు అందురు. శరీరములో పని యేదో చాల ఆలస్యముగా తెలిసిన అవయవములలో ఇది యొకటి.

ఈ అజ్ఞానమువలన కలిగిన కీడు స్వల్పము కాదు. పసిబిడ్డలు హఠాత్తుగా మరణించినపుడు, పెరిగిన థైమస్ కారణమని 20వ శతాబ్ది ప్రథమార్ధమున పలువురు వైద్యులు తలచిరి. నిజమునకు ఆ పరిమాణము ఆరోగ్యముగల శిశువులకు సహజము. దీర్ఘవ్యాధితో చనిపోయిన బిడ్డలలో గ్రంథి కృశించి యుండును. అదియే సరియైన కొలత యని వారు పొరపడిరి. గ్రంథిని కుదించుటకై అమెరికాలో వేలకొలది శిశువులపై ఎక్స్-కిరణములు ప్రసరింపజేసిరి. అట్టివారిలో కొందరికి పిదప థైరాయిడ్ కాన్సరు వచ్చినట్లు 1950లో డఫీ, ఫిట్జెరాల్డ్ అను వైద్యులు తెలిపిరి.

గ్రంథి యొక్క అసలు పని 1961లో బయటపడినది. లండనులో చుంచెలుకల ల్యూకేమియాను పరిశీలించుచున్న జాక్ మిల్లర్, అప్పుడే పుట్టిన చుంచెలుకలనుండి థైమస్‌ను తొలగించెను. వానిలో లింఫోసైట్లు అను తెల్ల రక్తకణములు తగ్గిపోయెను. అనేకములు అంటువ్యాధులతో కృశించి చచ్చెను. అంతేకాదు, అన్య జాతి ఎలుకల చర్మమును అతికించినను వాని శరీరము త్రోసివేయలేదు. రోగరక్షణకు కావలసిన ఈ కణములకే పిదప, థైమస్ పేరులోని మొదటి అక్షరమునుబట్టి, టి-కణములను పేరు వచ్చినది.

అయితే ఈ కణములు థైమస్‌లోనే పుట్టునా, లేక వెలుపలినుండి వచ్చునా? గ్రంథి యొక్క ఉపకళా కణములే లింఫోసైట్లుగా మారునని కొందరు వాదించిరి. 1967లో మూర్, ఓవెన్ అనువారు రెండేసి కోడి పిండముల రక్తనాళములను కలిపి పెంచిరి. జంటలో ఒకటి ఆడది, ఒకటి మగది యైనపుడు, క్రోమోసోములనుబట్టి చూడగా ఒకదాని కణములు రెండవదాని థైమస్‌లో కనబడెను. కణములు రక్తముద్వారా వచ్చుచున్నవని తేలినది.

ఫ్రాన్సు దేశీయురాలు నికోల్ లె దువారెన్ ఇంకను చక్కని ఉపాయము కనుగొనెను. పూరేడుపిట్ట కణ కేంద్రకము కోడి కణ కేంద్రకమునకు భిన్నముగా నుండును. సూక్ష్మదర్శినిలో సులభముగా గుర్తింపవచ్చును. పూరేడు పిండమునుండి ఐదవ దినమునకు ముందే థైమస్ తొలిరూపమును తీసి కోడి పిండములో నాటగా, గ్రంథి చట్రము పూరేడుది, లింఫోసైట్లు కోడివి యైనవి. ఆ గడువు దాటిన పిమ్మట నాటినచో తొలి లింఫోసైట్లు పూరేడువే. అనగా పొలము థైమస్‌ది; విత్తనము వెలుపలిది. ఆ విత్తనము ఎల్లవేళల గాక, నియత కాలములలో అలలు అలలుగా ప్రవేశించునని కూడ తెలిసినది.

ఈ ప్రవేశ మెట్లు జరుగును? పిండదశలో రక్తనాళములు ఏర్పడకముందు, కణములు చుట్టునున్న కణజాలమునుండి గ్రంథిలోనికి ప్రాకును. పుట్టిన పిమ్మట అవి ఎముకల మూలుగలో జనించి, రక్తములో ప్రయాణించి, గ్రంథి వల్కలమును దవ్వయు కలియుచోటనున్న సిరలవద్ద వెలికివచ్చును. సిరగోడపై పి-సెలెక్టిన్ అను ప్రోటీను వానిని పట్టి నిలుపునని 2005లో చుంచెలుకలలో నిరూపించిరి. కీమోకైనులను రసాయనములు పిలుపువలె పనిచేయును. ఆ పిలుపును గుర్తించు రెండు గ్రాహకములును లేని చుంచెలుకలలో ప్రవేశము దాదాపు ఆగిపోవునని 2010లో తెలిసినది. లోనికి వచ్చిన కణమునకు గ్రంథి చట్రము నాచ్ అను సంకేతము నందించి టి-కణ మార్గమున నడపును. పిమ్మట జరుగు కఠిన పరీక్షలో పదింట తొమ్మిదికి పైగా నశించును.

వచ్చిన పూర్వకణములు చిరకాలము నిలువవు గనుక క్రొత్తవి వచ్చుచుండవలెను. మూలుగ మార్పిడి పొందిన రోగులలో టి-కణములు మెల్లగా తిరిగివచ్చుటకు ఈ ప్రవేశపు ఇరుకుదనము ఒక కారణము. కావుననే నేటి పరిశోధకులు ఈ ద్వారమును శ్రద్ధతో పరిశీలించుచున్నారు.

పెద్దలకు థైమస్ అనవసరమను భావము కూడ సడలినది. శస్త్రచికిత్సలో థైమస్‌ను కోల్పోయిన పెద్దలలో మరణములును కాన్సరును అధికముగా కనబడినట్లు 2023లో అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. పని తెలియని అవయవమును పనిలేని అవయవమని అనుట తగదని థైమస్ చరిత్ర మనకు బోధించుచున్నది.