బొంత నుంచి పూసల కర్టెన్ దాకా: ఖరగ్‌పూర్ తెలుగిళ్లలో పాత సామాను

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ శతాబ్దం ముగిసేలోగా ఖరగ్‌పూర్‌ను జంక్షన్ చేసింది. విజయవాడ నుంచి కటక్ దాకా తూర్పు కోస్తా లైను 1893–96 మధ్య పడింది. ఆ లైను పట్టుకునే శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల మనవాళ్లు ఇక్కడి వర్క్‌షాపు పనికి వచ్చారు. కాపురం రైల్వే క్వార్టర్లో. ఉద్యోగం ఉన్నన్నాళ్లే ఇల్లు, రిటైరయితే తాళాలు అప్పగించాల్సిందే. అలాంటి ఇంటికి ఎవరూ డబ్బు పోసి సొగసులు చేయించరు. ఉన్న సామానుతోనే సర్దుకుంటారు, వెళ్లేటప్పుడు దాన్నే కట్టుకుపోతారు. ఇక్కడి తెలుగిళ్ల అలంకరణ ఈ అవసరంలోంచే పుట్టిందని నా నమ్మకం.

మొదట చెప్పాల్సింది బొంత గురించి. చిరుగు పట్టిన నూలు చీరలు నాలుగైదు ఉతికి, ఆరబెట్టి, చాప మీద ఒకదానిపై ఒకటి పరుస్తారు. ముడతలు అరచేత్తో సవరించి, ముందు చుట్టూ పెద్ద పెద్ద టాకాలు వేస్తారు. ఆ తర్వాత ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరసలు వరసలుగా కుట్టుకుంటూ పోతారు. మెత్తటి చీరలు లోపలికి, గట్టివి పైకి. చిరిగినచోట రంగు గుడ్డ అతుకు. చంటిపిల్లల కింద పరిచేదీ, ట్రంకుపెట్టె మీద కప్పి నలుగురినీ కూర్చోబెట్టేదీ అదే.

బెంగాలీ ఇళ్లలోనూ ఈ విద్య ఉంది, దాని పేరు కాంథా. చైతన్య చరితామృతంలోనే కాంథా ప్రస్తావన ఉంది. కళాచరిత్రకారిణి స్టెల్లా క్రామ్రిష్ 1939లో దానిపై ప్రత్యేకంగా వ్యాసం రాశారు. పాత చీర అంచుల్లోంచే రంగుదారాలు లాగి, మధ్యన తామరపువ్వు, మూలల్లో చెట్లు కుడతారు. మన బొంతకు ఇంత బొమ్మల పని తక్కువ. అయినా పాత గుడ్డ మీద గౌరవం రెండింటిలోనూ ఒకటే. కాంథాకు మ్యూజియంలో చోటు దొరికింది, బొంతకు దొరకలేదు. ఇది అన్యాయమని గట్టిగానే చెబుతాను.

సంక్రాంతికి ఈ పనితనం పూర్తిగా బయటపడేది బొమ్మల కొలువులో. కింద ట్రంకుపెట్టెలు, వాటి మీద డబ్బాలు, పైన చెక్కలు పేర్చి, మడత విప్పిన పాత పట్టుచీర కప్పితే మెట్లు సిద్ధం. పండగ అయిపోగానే పెట్టె పెట్టెగా, చీర చీరగా మళ్లీ లోపలికి వెళ్లేవి.

తర్వాత రేకు డబ్బాల కాలం. డాల్డా 1937లో మార్కెట్లోకి వచ్చింది. ఖాళీ డబ్బాకి అడుగున మేకుతో చిల్లులు కొట్టి, రంగు పూసి, మట్టి నింపితే తులసికో బంతికో కుండీ. రైల్వేలోనూ అరిగిన పట్టాలు కంచె స్తంభాలయ్యాయి, పట్టా ముక్క బడిగంటయింది. స్లీపరు చెక్క వేలంలో దొరికితే బెంచీకి తిరుగులేదు.

ఈ ఊళ్లో భవనాలకూ అదే జరిగింది. 1930లో నిర్బంధ శిబిరంగా మారిన హిజ్లీ భవనంలో 1931 సెప్టెంబరు 16న కాల్పులు జరిగి ఇద్దరు ఖైదీలు మరణించారు. ఇరవయ్యేళ్లకు, 1951లో, దేశంలో మొదటి ఐఐటీ తరగతులు మొదలైంది అక్కడే. ఇప్పుడది మ్యూజియం.

వారపత్రికలు ఇంటింటికీ చేరాక ఇంకో సరదా వచ్చింది, కాగితపు పూసల కర్టెన్. పాత పత్రికల అట్టలనూ శుభలేఖలనూ పొడుగాటి త్రికోణాలుగా కత్తిరిస్తారు. వెడల్పు వైపు నుంచి పుల్లకు చుట్టి, కొసను మైదా జిగురుతో అంటించి, ఆరాక వార్నిష్ పూస్తారు. మధ్యలో లావుగా, చివర్లు సన్నగా వచ్చిన ఆ పూసల్ని దారానికి గుచ్చి గుమ్మానికి కట్టేవాళ్లు. వేసవి సెలవులన్నీ పిల్లలకు ఇదే పని. కిటికీలో హార్లిక్స్ సీసా, అందులో మనీప్లాంటు.

ఈ అలవాట్లు సన్నగిల్లడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే వాళ్లు వీధిలోకి వచ్చారు, చీరలు వాళ్ల మూటలోకి పోయాయి. పాలియెస్టర్ చీర బొంతకు పనికిరాదు, జారుతుంది, చెమట పీల్చదు. నూనె ప్యాకెట్టులో వస్తుంటే డబ్బా ఎక్కడిది? ఈలోగా వాడేసిన వస్తువులకు బజారులోనే గిరాకీ పెరిగింది. 2020లో అసన్‌సోల్ స్టేషను దగ్గర పాత రైలు పెట్టెలు రెస్టారెంటుగా మారాయి. కాంథా దుప్పట్లు పెద్ద షాపుల్లో ఖరీదైన సరుకయ్యాయి.

మీ ఇంట్లో నూలు చీరలు ఇంకా మిగిలి ఉంటే గిన్నెకు మార్చేయకండి. కుట్టు తెలిసిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఈ వేసవిలోనే చాప పరిచి, పక్కన కూర్చుని నేర్చుకోండి.