ఉదజని బంధము: ఒక వివాదచరిత్రము

వంటయింటిలోని యుప్పు నీట గరగును, నూనె కరగదు. ఈ భేదమునకు మూలము పరమాణువులు తమలో నెలక్ట్రానులను పంచుకొను తీరునందున్నది. బంధములోని యెలక్ట్రానులను తనవైపునకు లాగుకొను శక్తికి ఋణవిద్యుదాత్మకత యని పేరు. అమెరికా దేశీయుడగు లైనస్ పౌలింగు 1932వ సంవత్సరమున దీనికొక కొలమానము నేర్పఱచెను. నేటి లెక్కచొప్పున సోడియమునకు 0.93, ఉదజనికి 2.20, కర్బనమునకు 2.55, క్లోరినునకు 3.16, ఆమ్లజనికి 3.44. రెండు పరమాణువుల నడుమ నీ భేదము హెచ్చినకొలది బంధముయొక్క అయానిక స్వభావమును హెచ్చును. పౌలింగు సూత్రము ననుసరించి యుప్పునం దది నూటికి 71 పాళ్లు. నీటిలోని ఆమ్లజని-ఉదజని బంధమున 32 పాళ్లు. నూనెలోని కర్బన-ఉదజని బంధమున 3 పాళ్లు మాత్రమే.

ఆమ్లజని యెలక్ట్రానులను లాగుకొనుటచే నీటిలోని ఉదజని కొంత ధనవిద్యుత్తును వహించి, ప్రక్క యణువులోని ఆమ్లజని నాకర్షించును. ఇదియే ఉదజని బంధము. మూడు పాళ్ల స్వభావముమాత్రమే గల కర్బన-ఉదజని జంట కిందు ప్రవేశము లేదని పలువురు పండితులు తలంచిరి.

న్యూజీలాండున జన్మించి లండనులో పరిశోధన సల్పుచుండిన జూన్ సూటర్ అను విదుషీమణి 1962లో వేఱుమాట చెప్పెను. కాఫీలోని కెఫీను మొదలగువాని స్ఫటికములలో, కర్బనము నంటియున్న ఉదజని ప్రక్క యణువు నందలి ఆమ్లజనికి మిక్కిలి చేరువగా నుండుట జూపి, యిదియు ఉదజని బంధమే యనెను. 1968లో పౌలింగు గౌరవార్థము వెలువడిన సంపుటమున జెర్రీ డోనహ్యూ యను పండితు డీ వాదమును త్రోసిపుచ్చెను. పిమ్మట చాలకాలము దాని నాదరించినవా రరుదు. కొలమానము తరతమములను జూపును గాని, యెవరిని వెలివేయవలయునో చెప్పదు. ఆ గీత గీచినవారు మనుష్యులే.

1982లో కేంబ్రిడ్జినందు రాబిన్ టేలరు, ఓల్గా కెన్నార్డు అనువారు న్యూట్రాను కిరణములచే నిర్ణయింపబడిన 113 స్ఫటిక నిర్మాణములను పరీక్షించి, సూటరు పక్షమే సత్యమని తేల్చిరి.

అటుపై నీ విషయమునకు విరివియైన పరిశోధన మన తెలుగునాట జరిగెను. హైదరాబాదునకు పడమట శేరిలింగంపల్లి మండలమునందలి గచ్చిబౌలిలో, బండరాళ్ల నడుమ వెలసియున్న హైదరాబాదు విశ్వవిద్యాలయమున 1979 మొదలు 2009 వఱకు రసాయనశాస్త్రాధ్యాపకులుగా నుండిన గౌతమ్ దేశిరాజుగారు, ఇట్టి బలహీన బంధములు పెక్కుకూడి స్ఫటికమున నణువుల యమరికనే నిర్ణయింపగలవని నిరూపించిరి. స్ఫటికనిర్మాణ శిల్పముపై 1989లోను, థామస్ స్టైనరుతో గూడి బలహీనమగు ఉదజని బంధముపై 1999లోను వారు గ్రంథములు ప్రకటించిరి.

2011లో అంతర్జాతీయ రసాయన సంఘము ఉదజని బంధమునకు నూతన నిర్వచనము నొసగెను. దానిని కూర్చిన మండలిలో బెంగుళూరునందలి అరుణన్‌గారును, దేశిరాజుగారును ఉండిరి. ఉదజని నంటియున్న పరమాణువునకు ఉదజనికంటె ఋణవిద్యుదాత్మకత యధికముగా నుండిన జాలును. ఎంత యధికమన్న నియమము లేదు. బంధమేర్పడెననుటకు నిదర్శనము మాత్రము వలయును. కర్బనమున కున్న యాధిక్యము 0.35 మాత్రమే యైనను, దానికిని ద్వారము తెఱవబడినది. జూన్ సూటరు 1990లోనే కాలధర్మము నొందియుండెను.