సాగర్ క్వార్టరుల మా మొదటి సంసారం

కర్టెన్లు ఏ రంగువి తీసుకోవాలె అమ్మమ్మా అని పొద్దుగాల అడిగినవు గద బిడ్డా. మీరిద్దరు మిర్యాలగూడల తీసుకున్న ఇల్లు చూసొచ్చిన కాడికెల్లి నాకు నాగార్జునసాగర్ల మేమున్న క్వార్టరే కండ్ల ముందల మెదులుతున్నది. రంగు సంగతి రేపు దుకాణంల చూద్దాం గని, ఇప్పుడు ఆ ముచ్చట చెప్త. అయ్యా, నువ్వు గూడ ఇటు జరిగి కూసో, పొగంత నీ దిక్కే కొడుతున్నది. ఆ కందికట్టె జర లోపలికి తొయ్యి.

నా పెండ్లి 1963ల అయింది. మాది సూర్యాపేట దిక్కు. అప్పట్ల అదంత నల్లగొండ జిల్లనే, సూర్యాపేట జిల్ల అయింది మొన్న 2016ల గద. మీ తాతకు డ్యాం మీద వర్క్‌ఛార్జి నౌకరి. పని ఉన్నన్ని దినాలే కొలువు, పని అయిపోతే ఎటు పంపుతరో, ఉంచుతరో తీస్తరో తెల్వది. మా నాయనకు అదే రంది. ఆనకట్ట అయిపోతే పిల్లగాని గతేందని అడిగిండు. సంబంధం తెచ్చినాయన, "గంత రాయి పేర్చుడయ్యేటాళ్ళకు నీ బిడ్డకు పిల్లలై బడికి పోతరు" అన్నడు. ఆయన నోటి మాట నిజమైంది. 1974ల గేట్లు పెట్టేటాళ్ళకు మీ అమ్మ పలకా సంచి పట్టుకొని బడికి పోతుండె.

1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి పునాదిరాయి ఏసిన్నాడు మా నాయన పోయి చూసొచ్చిండు. అక్కడ నిలబెట్టిన పైలాన్ పేరు మీదనే పైలాన్ కాలనీ అయింది. మాది హిల్ కాలనీ, గుట్ట మీద. ఏటికి అవతల అప్పట్ల గుంటూరు జిల్ల, అక్కడ రైట్ బ్యాంకు కాలనీ. మా నాయన మాత్రం సచ్చేదాంక నందికొండ ప్రాజెక్టనే అన్నడు.

సూర్యాపేటల బస్సెక్కి మిర్యాలగూడల దిగి, ఇంకో బస్సుల హాలియా, పెద్దవూర మీదుంగ పోయినం. మిర్యాలగూడకు అప్పట్ల రైలు లేకుండె. ఒక ఇనుప పెట్టె, ఇత్తడి బిందెలు, గంగాళం, పరుపు చుట్ట, అంతే మా సామాను. పెద్దవూర దాటినంక గుట్టలు, మోదుగులు, తుమ్మలు. నాకు ఏడుపొచ్చింది. మీ తాత ఏమనలే. ఒక మలుపు కాడ కిటికీలకెల్లి చెయ్యి చూపిచ్చిండు. కట్టెలు కట్టి చేసిన బాట మీద ఆడోళ్ళు, మొగోళ్ళు నెత్తి మీద రాయి పెట్టుకొని వరుసగ పైకి పోతున్నరు. ఆడోళ్ళ సుట్టబట్టల రంగులు అంత దూరంకెల్లి గూడ కనబడుతున్నయి. నేను ఏడుపాపి చూసుకుంట కూసున్న.

క్వార్టరంటే రెండర్రలు, ఒక వంటిల్లు, ఎనక చిన్న జాగ. రాతి గోడలు, పైన రేకులు. గోడ మీద సర్కారు నంబరు. ముందున్నోళ్ళ పొయ్యి మసి వంటింటి గోడకు నిలువెత్తు పట్టి ఉన్నది. మా అత్త మాతోనే వచ్చింది. ముందుగాల దేవుని పటం, పసుపు కుంకుమ, ఉప్పు లోపల పెట్టిచ్చి, మూడు రాళ్ళ మీద పాలు పొంగిచ్చింది. పాలు తూర్పు దిక్కు పొంగినయని సంబురపడ్డది. ఆ సాయంత్రమే ఆ మసి చూసి, దీన్ని ఇట్లనే ఉంచి కాపురం చేస్తవా అన్నది. ఆ మాటతోని మా ఇల్లు సదురుకునుడు మొదలైంది.

అవతలి ఒడ్డుకెల్లి పిడుగురాళ్ళ సున్నం తెప్పిచ్చిండు మీ తాత. ఇప్పుడు డబ్బ మూత తీసి రంగు పూస్తున్నరు, మీకు ఆ పని తెల్వది గనక చెప్త. సున్నపు గడ్డలు కుండల ఏసి నీళ్ళు పోస్తే బుడబుడ ఉడుకుతది, కుండ ముట్టరాదు. చంటిపిల్లలను దగ్గరకు రానియ్యొద్దు, కండ్లల్ల పడితే పోతయి. రాత్రంత అట్లనే ఉంచి, తెల్లారి పాత పంచెల వడగట్టాలె. అండ్ల గంజి కలిపితే గోడకు ఆనుకున్నోళ్ళ వీపుకు అంటది కాదు. చిటికెడు నీలిమందు ఏస్తే తెలుపు పచ్చబడకుండ ఉంటది. మొదటి పూత పూస్తే ఏం కనబడది, తడి గోడ తీరే ఉంటది. ఆరినంక తెల్లగ తేలుతది. నేను మొదటిసారి చూస్తున్న గద, పూసింది కనబడక మళ్ళ మళ్ళ పూస్తుంటే మా అత్త చెయ్యి పట్టుకొని ఆపింది. మూడు పూతలకు మసి దాగింది. గడపకు పసుపు, మెట్లకు జాజు, వాకిట్ల ముగ్గు. అప్పుడు మీ తాత డ్యూటీ దిగొచ్చి వాకిట్లనే నిలబడి, ఇది మన క్వార్టరేనా అన్నడు.

అద్దాలు, పటాలు పెట్టుకునుడు అక్కడ శాన కష్టం. క్వారీల తూటాలు పేలిస్తే ఇల్లంత అదిరేది. గిన్నెలు గలగలమనేవి, పటాలు పక్కకు ఒరిగేవి. "యువ" మాసపత్రికల వడ్డాది పాపయ్య బొమ్మ ఒకటి నాకు బాగ నచ్చింది. మీ తాత దాన్ని కత్తిరిచ్చి, మాచర్లల అద్దం కట్టిచ్చి తెచ్చిండు. రోజు తూటా పేలంగనే అది ఒక పక్కకు వాలేది, నేను పోయి సక్కగ చేసేదాన్ని. చివరకు పటం కింద రెండు మొలలు కొట్టి, వాటి మీద ఆనిచ్చినం. పైన తాడు, కింద రెండు మొలలు. మా లైనుల అందరిండ్లల్ల పటాలు అట్లనే ఉండేవి. ఎవలింటికన్న పోయి గోడ చూస్తే సాగర్ల ఉండొచ్చినోళ్ళని నేను ఇప్పటికి గుర్తుపడ్త.

కింద పరుచుకునుటానికి సిమెంటు సంచులు. అప్పట్ల సిమెంటు గోనెసంచులల్ల వచ్చేది. చినిగినయి అమ్మితే కొనుక్కున్నం. బండ మీద బాది బాది ఉతికితే గని వాటి బూడిద వదలది. గుంటూరు దిక్కు వదినె ఒకామె మా పక్క క్వార్టరుల ఉండె. ఆమె గోనె మీద ఊలుదారంతోని పువ్వులు కుట్టుడు నేర్పింది. "గోనె పోగులు లెక్కపెట్టుకుంటా పోవటమేనమ్మా, బొమ్మ అదే వస్తుంది" అనేది. తలుపు కాడ ఏసే పట్ట, పెట్టె మీద కప్పే గుడ్డ, రేడియో మీది ముసుగు, అన్నీ కుట్టినం. రేడియో తర్వాత కొన్నడు లే, దానికి పోస్టాఫీసుల లైసెన్సు కట్టాలె అప్పట్ల.

ఆ వదినె సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టేది. కొండపల్లి బొమ్మలు మెట్లు మెట్లుగ పెట్టి పేరంటం పిలిచేది. మా దిక్కు ఆ పద్ధతి లేదు, నేను నోరు తెరిచి చూసిన. బతుకమ్మ వచ్చిందంటే మా వంతు. గుట్టల మీద తంగేడు ఇరగబూసేది, గునుగు కాలువ గట్ల పొంటి దొరికేది. సిబ్బిల బతుకమ్మను పేరుస్తుంటే ఆమె వచ్చి పక్కన కూసొని తంగేడు కట్టలు కట్టిచ్చేది. పాట రాకున్న చప్పట్లు కొట్టుకుంట మాతోని తిరిగింది. 1956ల రెండు దిక్కులు కలిపి ఒక రాష్ట్రం చేసిండ్రు, తర్వాత కొట్లాటలు అయినయి, విడిపోయినం. అదంత పెద్దోళ్ళ లెక్క. మా లైనుల పసుపు చేతులు మారంగ నేను కండ్లార చూసిన, అది చెప్పకుంటే తప్పయితది.

మా కాలనీ కింద పాలమూరు కూలోళ్ళ గుడిసెలు. గుంపు మేస్త్రీలు ఊరూరు తిరిగి వాళ్ళను తోలుకొచ్చేటోళ్ళు. 124 మీటర్ల ఎత్తు కట్ట బిడ్డా అది, రాతితోని, ఎక్కువ భాగం మనుషుల చేతులతోని లేచింది. ఇంజనీర్ల పేర్లు మీరు చదువుకుంటరు, చదవాలె గూడ. కె.ఎల్. రావు అంత పెద్దమనిషి దాని ఎనక ఉన్నడు. కని నాకు యాదికున్నది ఒక పాలమూరు పిల్ల. నా ఈడుదే, నా లెక్కనే కొత్త పెండ్లికూతురు. పొద్దంత రాయి మోసేది. ఒకసారి మిగిలిన సున్నం అడుక్కుంటానికి వచ్చింది. ఏం చేస్తవే అంటే, వచ్చి చూడు అక్కా అన్నది.

వంగి లోపలికి పోతే, తడకకు ఎర్రమన్ను మెత్తి ఉన్నది. దాని మీద సున్నంల ఏలు ముంచి చుక్కలు పెట్టి నెమలిని చేసింది. నెమలి మెడ కింద వరుసగ అగ్గిపెట్టె బొమ్మలు అతికిచ్చింది. పులి, తాళం చెవి, దీపం, మొగుడు బీడీ ముట్టిచ్చి పారేసే పెట్టెలవన్నీ దాచి పెట్టింది. రెండడుగులేస్తే అయిపోయే గుడిసె. పని అయిపోతే ఇంకో డ్యాం కాడికి పోతరు, ఆ తడక గూడ అక్కడనే పడేసి పోతరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసే చేసింది. నేను ఇంటికొచ్చి మా వంటింటి గోడకు గూడ ఆ చుక్కల నెమలి ఏసిన, ఆమెకొచ్చినంత అందంగ నాకు రాలె.

ఇగ అసలు ముచ్చట. కృష్ణ నిండితే మునిగే ఊళ్ళు శాన ఉండె. ఆ ఊళ్ళోళ్ళు ఇండ్లు విప్పుకొని పోతున్న రోజులవి. దూలాలు, వాసాలు, తలుపులు కొన్ని బండ్లకు ఎత్తుకునేటోళ్ళు, మోయలేనియి అమ్ముకునేటోళ్ళు. మంచి టేకు చెక్క దొరుకుతది, గోడకు అలమర చేసుకుందాం అని మీ తాత ఒక ఐతారం నన్ను తోలుకపోయిండు. పోయేటప్పుడు నాకు పండుగ లెక్కనే ఉండె.

ఊర్లకు పోతే కప్పు లేని ఇండ్లు. గోడలు నిలబడి ఉన్నయి, పైన ఆకాశం. ఒక ఇంటి కాడ ఇద్దరు కొడుకులు గడ్డపారతోని దర్వాజ పెకిలిస్తున్నరు. ముసలామె అరుగు మీద కూసొని, "మెల్లగ రా, పైకమ్మి పలుగుతది, మీ తాత చెక్కిచ్చింది" అంటున్నది. వాళ్ళతోని పైసలు మాట్లాడుటానికి మీ తాతకు నోరు రాలె. ఒట్టిగ నిలబడ్డం.

ఆ ముసలామె నన్ను చూసి, కొత్త కోడలివా అని అడిగి లోపలికి పిలిచింది. నడింట్ల మట్టిగోడకు రెండు చిలుక్కొయ్యలు. టేకుతోని చేసినయి. మెడ మీద మూడు గీతలు, కన్ను కాడ చిన్న ఇత్తడి మొల, ముక్కు ముందుకు ఒంగి ఉన్నది. ఎన్నేండ్ల సంది రుమాళ్ళు, కండువాలు తగిలిచ్చిండ్రో గని, ఆ ముక్కు అరిగి అద్దం తీరు నున్నగ అయింది. కొడుకును పిలిచి గోడ తొలిపిచ్చి రెండింటిని బయటికి తీయించింది. బయట కనబడేది బెత్తెడే, గోడల దాగిన తోక జానెడు పొడుగు, పిడికిలంత లావు. "మాకిచ్చిన జాగల ఇంకా గోడ లేవలె బిడ్డా. గోడ లేంది కొయ్య దేనికి కొడత? నీకాడ ఉండనియ్యి" అన్నది. మీ తాత రెండు రూపాయలు చేతుల పెడితే ఒకటి తిరిగిచ్చింది.

ఆ లోయలనే నాగార్జునకొండ కాడ 1954 సంది 1960 దాంక తవ్వి, బౌద్ధుల కాలం నాటి కట్టడాలు బయటికి తీసిండ్రు. నీళ్ళల్ల మునగకుండ కొన్నిటిని కొండ మీదికి చేర్చిండ్రు, కొన్నిటిని అనుపుల మళ్ళ కట్టిండ్రు. శాన మంచి పని. మనిద్దరం లాంచీల పోయి చూసినం గద ఆ కొండ మీది మ్యూజియం. కని మొన్నటిదాంక పొయ్యి రాజేసిన ఇండ్లను మాత్రం ఎవరి ఇల్లు వాళ్ళే విప్పుకున్నరు. ఆ ముసలామె నడింటి గోడ సంగతి ఏ మ్యూజియంల లేదు. అందుకే మీ ఇద్దరిని కూసోబెట్టి చెప్తున్న.

సర్కారు గోడకు తూటు పొడవాలంటే భయం. మీ తాత పైవాళ్ళను అడిగితే, పోయేటప్పుడు పూడ్చిపోవాలె అన్నరు. ఆ పాలమూరు పిల్ల పెనిమిటి ఉలి పట్టుకొని వచ్చి, రాయికి రాయికి సందు చూసి తొలిచి, సిమెంటు పెట్టి నిలబెట్టిండు. రాతి గోడ మీద ఆ రెండు చిలుకలు ఎదురెదురుగ. ఒకదానికి మీ తాత డ్యూటీ అంగి, ఒకదానికి నా చేతిసంచి. ఆ గోడకు ఇంకే పటం పెట్టలే నేను. వచ్చినోళ్ళంత ముందుగాల వాటినే చూసేటోళ్ళు, ఎక్కడివని అడిగేటోళ్ళు. ప్రతి ఒక్కలికి ఆ ముసలామె ముచ్చట చెప్పినంకనే చాయ పోసేదాన్ని.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాలువలకు నీళ్ళిడిచింది. ఎడమ కాలువకు లాల్‌బహదూర్ పేరు, కుడి కాలువకు జవహర్ పేరు. జనం పువ్వులు, కొబ్బరికాయలు ఏసిండ్రు నీళ్ళల్ల. మా లైనుల ఆడోళ్ళమంత పోయినం, నేను గూడ పసుపు కుంకుమ ఏసిన. అందరు మొక్కుతుంటే నాకు ఆ అరుగు యాదికొచ్చింది, ఇప్పుడు దాని మీద ఎంత లోతు నీళ్ళున్నయో అని. సంతోషం గూడ అబద్ధం కాదు. జొన్న, ఆముదం తప్ప ఎరగని మన మెట్ట భూములల్ల వరి వచ్చింది. మీ మిర్యాలగూడ రైసుమిల్లులన్నీ ఆ నీళ్ళ చలవనే. మీ ఆయన జీతం గూడ ఆ మిల్లుకెల్లే గద వచ్చేది.

26 గేట్లు పెట్టుడైనంక మీ తాతను ఎడమ కాలువ పనికి ఈ కోదాడ దిక్కు ఏసిండ్రు. క్వార్టరు ఖాళీ చేసేటప్పుడు మాట ప్రకారం గోడలకెల్లి కొయ్యలు తీసి, తూట్లు పూడ్చి, పైన సున్నం పూసినం. గుంటూరు వదినె అప్పటికే పోయింది. పాలమూరోళ్ళు ఎప్పుడో శ్రీశైలం పని కాడికి పోయిండ్రన్నరు.

ఆ రెండు కొయ్యలే ఇప్పుడు మన నడింట్ల ఉన్నయి. నీ స్వెట్టరు తగిలిచ్చింది దానికేనయ్యా. ఒకటి మీ అత్తకు ఉంచి ఒకటి మీకిస్త. కిరాయిల్లు గనక ముందు ఇంటాయనను అడుగుండ్రి. ఇప్పటి గోడలు సన్నం, జానెడు తోక లోపల పట్టది. పట్టలేదని తోక కోసెయ్యకుండ్రి, మీ సొంతిల్లు కట్టుకున్ననాడు మళ్ళ పనికొస్తది. మందపు టేకు పలకకు తూటు చేపిచ్చి, అండ్ల దూర్చి, పలకను గోడకు బిగిచ్చుకోవాలె. పాత బస్టాండు కాడ వడ్లాయన ఒకాయన ఉన్నడు, చెయ్యి మంచిది. పొద్దున చల్లపొద్దులనే పోదాం, ఎండెక్కితే ఆయన దొరకడు.